సాధనలో జతగాడు

వీణ నేర్చుకునేవానికి వీణ ఎదురు చెప్పదు. శ్రుతి తప్పితే తప్పు తనదేనని ఒప్పుకోక అతనికి గత్యంతరం లేదు. చిత్రకారునికి గుడ్డా కుంచె, శిల్పికి రాయీ ఉలీ, కవికి కాగితమూ కలమూ చాలును. విసుగు పుడితే వాటిని విసిరికొట్టవచ్చు, అవి కోపగించుకోవు. మల్లవిద్య నేర్చుకోదలచినవానికి ఈ సదుపాయం లేదు. అతని పరికరం సాటి మనిషి. ఆ మనిషికి ఒక బరువు వున్నది, ఒక ఎత్తు వున్నది, అభిమానం వున్నది, ఆ పూట ఇంట్లోనో కార్యాలయంలోనో ఎదురైన చిరాకు వున్నది. పైగా ఇటునుంచి చూస్తే అతడు మన పరికరం, అటునుంచి చూస్తే మనం అతని పరికరం.

ఈ విషయం మాట్లాడడానికి నాకున్న యోగ్యత చాలా స్వల్పం. మాది కూర్చుని చేసే ఉద్యోగం. మైకు ముందు కూర్చోవడం, కాగితాల ముందు కూర్చోవడం, ఈ రెంటికీ మధ్య కాఫీ ముందు కూర్చోవడం. నలభై దాటిన తరువాత వైద్యుడు రోజూ నడవమన్నాడు. ఒంటరిగా నడవడం విసుగనిపించి, మా వీధి చివర సాయంకాలాలు జరిగే జూడో తరగతిలో చేరాను. అక్కడి విద్యార్థులలో చాలామంది మా అబ్బాయి వయసువారు. దుస్తులు మార్చుకునే గదిలో ఒక మూల బల్లమీద కూర్చుని నేను విన్న మాటలే ఈ ప్రసంగానికి మూలం.

గురువు కఠినుడని అక్కడ ఎవరూ అనరు. విద్య కష్టమని కూడా అనరు. ఫిర్యాదులన్నీ జతగాని మీదనే. ‘వాడు దుంగలాగా బిగుసుకుపోతాడండీ’ అని ఒకరు. ‘చెయ్యి వేసీ వేయకముందే పడిపోతాడు, ఇక నేను నేర్చుకునేదేమిటి’ అని మరొకరు. ఒకడు గోళ్ళు తీసుకోడు. ఒకడు పట్టు వదలమంటే వదలడు. ఒకడు పట్టు పట్టడం మాని ఉపన్యాసం మొదలుపెడతాడు. చిత్రమేమంటే, ఇద్దరు జతగాళ్ళు నా దగ్గరకు విడివిడిగా వచ్చి ఒకరి మీద ఒకరు చెప్పుకున్న ఫిర్యాదు తరచు ఒక్కటే అయివుండేది. ఇద్దరూ ఎదుటివాడే బిగుసుకుపోతున్నాడని అనేవారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని గ్రహించడానికి నాకు చాలాకాలం పట్టింది.

బలప్రదర్శన వేరు, మల్లవిద్య వేరు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు ఉక్కు గొలుసులు తెంపిన సంగతి, ఏనుగును రొమ్ముమీద నిలుపుకున్న సంగతి మన పెద్దలు కథలుగా చెప్పుకున్నారు. గొలుసు తెంపడానికి జతగాడు అక్కరలేదు. కానీ అంతటి బలశాలి కూడా కుస్తీపట్లు నేర్చుకోవాలంటే మరొకరి మెడమీద చెయ్యి వేయవలసిందే. ఉత్తరాది అఖాడాలలో పోటీకి కాక అభ్యాసానికి పట్టే కుస్తీని ‘జోర్’ అంటారు. అందులో పట్టు జారకుండా మల్లులు గోదాలోని మట్టి తీసి ఒకరి ఒంటికి ఒకరు రాసుకుంటారు. తనను పడవేయబోయేవానికి పట్టు చిక్కేటట్లు తానే మట్టి రాయడమన్నమాట. ఆ మర్యాదలో ఈ విద్య స్వరూపమంతా వున్నది.

ఇక జూడో సంగతి. దీని స్థాపకుడు కానో జిగోరో 1860లో జన్మించాడు. మనిషి పొట్టి, బక్కపలచన. పాఠశాలలో బలవంతులైన తోటి పిల్లల చేతిలో పడిన అవమానాలే ఆయనను పాత యుద్ధవిద్య అయిన జుజుత్సు వైపు మళ్ళించాయి. 1882లో టోక్యోలో ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచినంత గదిలో, తొమ్మిదిమంది శిష్యులతో, కోడోకాన్ అనే విద్యాలయాన్ని ప్రారంభించాడు. జపానీ చాప ఒక్కొక్కటి సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు వుంటుంది. అంతమంది అంత చోటులో ఒకరినొకరు ఎత్తి పడవేసుకుంటే ఏమవుతుంది? నేల అదిరింది, ఆలయంలో అరలమీద నిలిపిన మృతుల స్మారకఫలకాలు కింద పడ్డాయి, పూజారి మొత్తుకున్నాడు.

జూడోలో పట్టు వేసేవానిని ‘తోరి’ అంటారు, అనగా తీసుకునేవాడు. పట్టును భరించేవాడు ‘ఉకె’, స్వీకరించేవాడు. నిమిషాల తేడాలో ఈ పాత్రలు తారుమారవుతూ వుంటాయి. కొత్తగా చేరినవానికి మొదట నేర్పేది పడవేయడం కాదు, పడడం. గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, తల వెనుకభాగం నేలకు తగలకుండా కాపాడుకుంటూ, నేలను చేరే క్షణంలో చేతితో చాపను గట్టిగా చరచడం. ఇందువల్ల పడిన దెబ్బ ఒక్కచోట నిలవక ఒళ్ళంతా పంచుకుంటుంది. దీనికి ‘ఉకెమి’ అని పేరు. దీనిని అభ్యసించే వారాలలో నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. గుమ్మంలో నిలబడి చూసే పిల్లల తల్లుల ఎదుట నెరిసిన జుట్టు మనిషి పదేపదే వెల్లకిల పడి నేలను చరచడం ఎవరికైనా వేడుకే.

పడడం వచ్చిన తరువాతనే ఒక అలిఖితమైన ఒడంబడిక అమలులోకి వస్తుంది. నా శరీరాన్ని నీ అభ్యాసానికి అరువిస్తాను, దెబ్బ తగలకుండా తిరిగి నాకు అప్పగించు. ఆపైన నీ శరీరాన్ని నాకు అరువివ్వు. ఇంతే. జతగాళ్ళ మీద వచ్చే ఫిర్యాదులన్నీ ఈ అరువు దగ్గరనే పుడతాయి. ఇచ్చేవాడు సరిగా ఇవ్వకపోవడం, లేదా పుచ్చుకున్నవాడు సరిగా తిరిగి ఇవ్వకపోవడం.

కానో కూడా జతగానితో విసిగినవాడే. ఆయన విద్యార్థిదశలో తెంజిన్ షిన్యో సంప్రదాయానికి చెందిన ఫుకుదా హచినోసుకె అనే గురువు వద్ద అభ్యసించేవాడు. అక్కడ ఫుకుషిమా కానెకిచి అనే సహాధ్యాయి వుండేవాడు. భారీ మనిషి. కానో ఎన్ని పట్లు పట్టినా ఫుకుషిమా కదిలేవాడు కాడు. ఇలాంటి జతగాడు దొరికితే మనం ఏమి చేస్తాము? వేరే జత చూపించమని గురువును అడుగుతాము, లేదా వాడికి ఒళ్ళే తప్ప విద్య లేదని చెప్పుకుని తృప్తిపడతాము. కానో మొదట సూమో మల్లుల పట్లు విచారించాడు, అవి పనిచేయలేదు. తరువాత గ్రంథాలయానికి వెళ్ళి పాశ్చాత్యుల కుస్తీ గ్రంథాలు తిరగవేశాడు. అందులో ఎదుటివానిని భుజాలమీదకు ఎత్తి చక్రంలా తిప్పి పడవేసే పట్టు ఒకటి కంటబడింది. తోటివారితో దానిని సాధన చేసి, ఒకనాడు ఫుకుషిమాను ఎత్తి పడవేశాడు. అదే తరువాత ‘కాతా-గురుమా’, భుజచక్రం, అనే పేరుతో కోడోకాన్ పట్లలో చేరింది. 2010 తరువాత దశలవారీగా వచ్చిన నిబంధనలు పోటీలో ఎదుటివాని కాలిని చేతితో పట్టడాన్ని నిషేధించాయి కనుక, ఆ పూర్వరూపంలో ఈ పట్టు అంతర్జాతీయ పోటీలలో కనబడకుండా పోయింది. అయినా ఒక కదలని జతగాడు విద్యకు పెట్టిన భిక్షగా అది నిలిచేవున్నది.

అంతమాత్రాన కదలనివాడల్లా ఉపకారి అని అనుకోరాదు. ఫుకుషిమా స్వేచ్ఛాభ్యాసంలో కదలలేదు. దానిని జూడోలో ‘రందోరి’ అంటారు. అందులో ఎవరు ఏ పట్టు వేయబోతున్నారో ఎవరికీ తెలియదు. కదలకుండా నిలబడడానికి అక్కడ పూర్తి హక్కు వున్నది. తరగతిలో తలనొప్పి తెచ్చేది ఈ రకం కాదు. ఒకే పట్టును పదిసార్లు, ఇరవైసార్లు వరుసగా అభ్యసించే వేళ బిగుసుకుపోయేవాడు. ఈ తేడాను కొంచెం వివరించాలి.

ఎదుటివానిని పడవేయడంలో మూడు దశలు వున్నాయని కానో బోధించాడు. మొదట అతని తూకం తప్పించాలి. తరువాత ఆ పట్టుకు అనువైన చోటికి మన శరీరాన్ని చేర్చాలి. చివరగా పడవేయాలి. మొదటి దశ లేనిదే మూడవది వట్టి బరువు మోత. ఇప్పుడు, నేను ముందుకు పడవేసే పట్టు అభ్యసిస్తున్నానని నా జతగానికి ముందే తెలుసును. గురువు అందరి ఎదుటా ఆ పట్టు పేరే చెప్పాడు కదా. తెలిసినవాడు నడుము వెనుకకు తీసి, చేతులు కడ్డీలలా చాచి, కుంగి నిలబడితే ఆ పట్టు ఎంతటివానికీ పడదు. అయితే అలా వెనుకకు వాలినవానిని వెనుకకే తోసి పడవేయడం చాలా సులభం. రందోరిలో అయితే క్షణంలో ఆ పని జరిగిపోతుంది. కాని పాఠం ముందుకు పడవేయడం గురించి. పట్టు మార్చే అధికారం నాకు లేదు. కనుక అతడు నిలబడగలగడానికి కారణం అతని బలం కాదు, నా చేతులు కట్టివేసిన పాఠం. ప్రశ్నపత్రం ముందే చేతికి అందిన విద్యార్థి పరీక్షలో నెగ్గానని మురిసినట్లే.

ఇంత వివరంగా చెప్పగలగడానికి కారణం, ఆ మురిసిన విద్యార్థిని నేనే కావడం.

తరగతిలో చేరిన ఏడవ నెలలో నాకు జతగా ఒక పదిహేడేళ్ళ అబ్బాయిని ఇచ్చారు. నాకంటే ఎంతో ముందు చేరినవాడు, మంచి నేర్పరి. మరి మూడు వారాలలో జిల్లా పోటీలు. వీపుమీదుగా ఎత్తి ముందుకు పడవేసే ‘సెయోయి-నాగె’ పట్టును అతడు సాన పెట్టుకుంటున్నాడు. అతని బరువు యాభై ఎనిమిది కిలోలు, నాది ఎనభై రెండు. ఒకటి రెండుసార్లు పడ్డాను. మూడవసారి, ఎందువల్లనో ఇప్పటికీ చెప్పలేను, పడడం ఇష్టం లేకపోయింది. ఆ వేళ గుమ్మం దగ్గర పరిచయస్థులెవరో నిలబడి వున్నారు. అదే కారణం కావచ్చు. నడుము వెనుకకు తీసి కుంగి నిలబడ్డాను. అబ్బాయి మరికొంచెం లాగాడు. నేను మరికొంచెం బిగించాను. అతడు ఏమీ అనలేదు. ఇంకా లోపలికి దూరి శక్తికొద్దీ ఎత్తాడు. నేను భయపడి అతని మెడచుట్టూ చెయ్యి చుట్టాను. ఇద్దరం కలిసి కూలిపోయాము. నా బరువంతా అతని కుడి భుజంమీద పడింది. కర్ర విరిగిన చప్పుడు వంటి చిన్న చప్పుడు వినబడింది.

మెడకూ భుజానికీ నడుమ వుండే ఎముక విరిగింది. ఆసుపత్రిలో చేతిని మెడకు వేలాడగట్టి, ఆరు వారాలు కదలించవద్దన్నారు. పోటీల సంగతి ఎవరూ ఎత్తలేదు. అబ్బాయి తండ్రి మోటారు మరమ్మతు చేసే మనిషి. చేతుల నూనె మరకలతోనే పరుగెత్తుకుని వచ్చాడు. నేను క్షమాపణ చెప్పబోతే, ‘ఆటలో ఇట్లాంటివి మామూలే సార్, మీకేం తగల్లేదు కదా?’ అని నన్నే పరామర్శించాడు. ఆయన తిట్టివుంటే నాకు కొంత సుఖంగా వుండేది.

రెండవనాడు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మాటల సందర్భంలో అబ్బాయి తల వంచుకుని, ‘మీరు బిగించినప్పుడే చెబుదామనుకున్నాను సార్. పెద్దవారు కదా, ఏమనుకుంటారోనని ఊరుకున్నాను’ అన్నాడు. విరిగిన ఎముక మాట అటుంచి, ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. మనదేశంలో ఇటువంటి తరగతులకు సంబంధించిన చిక్కు ఒకటి ఇందులో వున్నది. చాపమీద నడుముపట్టీ రంగును బట్టి అతడు నాకు పెద్ద. చాప దిగితే వయసును బట్టి నేను అతనికి పెద్దను. ‘మాస్టారూ, కొంచెం వదులుగా నిలబడండి’ అన్న నాలుగు మాటలు ఒక పదిహేడేళ్ళవాడు తండ్రి వయసు మనిషితో అనలేకపోయాడు. అనవలసిన అవసరం రాకుండా చూడవలసిన బాధ్యత నాదేనని నాకు తోచలేదు.

మా గురువు నన్ను మందలించలేదు. ఒక నెలపాటు నేను ఎవరినీ పడవేయనక్కరలేదని, కొత్తగా చేరినవారికి ఉకెగా మాత్రమే వుండమని చెప్పారు. ఆ నెల నేను నేర్చుకున్నది అంతకు ముందు ఏడు నెలలలో నేర్చుకున్నదానికంటే ఎక్కువ. తన తూకం ఎక్కడ తప్పుతున్నదో పడేవానికి తెలిసినంతగా పడవేసేవానికి తెలియదు. కొత్తవారి చేతులు నన్ను ఎటు లాగుతున్నాయో, ఎక్కడ లాగడం మరచిపోతున్నాయో, ఒళ్ళు వదులుగా వుంచుకున్నకొద్దీ స్పష్టంగా తెలిసివచ్చేది.

దీనికి సరిగ్గా ఎదురుగా వుండే రకం జతగాడు తాకితే చాలు పడిపోయేవాడు. చూడడానికి ఇతడు మహా మర్యాదస్థుడు. చేసే కీడు మాత్రం బిగుసుకునేవానికంటే తక్కువేమీ కాదు. ఎందుకంటే బిగుసుకునేవాని దగ్గర మన తప్పు మనకు తెలుస్తుంది, ఇతని దగ్గర ఒప్పు తప్ప మరొకటి కనబడదు. ఐకిడో అనే సోదరవిద్యలో ఈ విషయమై పెద్ద చర్చ జరిగింది. దాని స్థాపకుడు ఉయెషిబా మొరిహెయ్ పోటీలను అంగీకరించలేదు. జతలుగా, ముందు నిర్ణయించుకున్న పద్ధతిలోనే అభ్యాసం. ఆయన శిష్యులలో తోమికి కెంజి అనే ఆచార్యుడు కానో వద్ద జూడో కూడా నేర్చినవాడు. నిర్ణీతమైన అభ్యాసం మాత్రమే చేస్తే విద్య నిగ్గుతేలదని భావించి, ఎదుటివాడు నిజంగా ప్రతిఘటించే స్వేచ్ఛాభ్యాసాన్ని ఐకిడోలోనూ ప్రవేశపెట్టాడు. 1958లో వాసెదా విశ్వవిద్యాలయంలో ఆయన ఆధ్వర్యంలో ఐకిడో సంఘం వెలసింది. ఈ మార్పు మిగిలిన శిష్యులందరికీ రుచించలేదు, ఆ భేదం నేటికీ వున్నది. ఎవరిది సరి అని తేల్చడం నాబోటివాని పని కాదు. అయితే ప్రతిఘటన ఎంత వుండాలన్నది కేవలం ఇద్దరు జతగాళ్ళ మధ్య చికాకు కాదనీ, ఆ విద్యలకే మూలప్రశ్న అనీ ఈ చరిత్రవల్ల తెలుస్తున్నది.

కత్తిసాము నేర్పే పాత జపానీ సంప్రదాయాలు ఈ ప్రశ్నకు చక్కని పరిష్కారం కనుగొన్నాయి. అక్కడ జతలో ఒకరు ‘ఉచిదాచి’, మరొకరు ‘షిదాచి’. ప్రతి పాఠంలోనూ ఉచిదాచి మొదట ఎత్తు వేస్తాడు, చివరకు ఓడిపోతాడు. ఆ ఓడే పాత్ర ఎవరిదనుకున్నారు? గురువుది, లేదా పెద్ద శిష్యునిది. ఎంత వేగంతో రావాలో, ఎంత దూరంలో ఆగాలో, ఏ క్షణంలో సందు ఇవ్వాలో తెలిసినవాడు మాత్రమే చిన్నవానికి గెలుపు నేర్పగలడు. తాతగారు మనమడితో పులిజూదం ఆడి, ఒక మేకను వ్యర్థంగా పోగొట్టుకుని, వాడు ఎత్తు కనిపెట్టేవరకూ మీసం దువ్వుకుంటూ కూర్చోవడం మనమెరుగుదుము. అదే ఇది. గెలుపు ఉబలాటం గల జతగానికి ఈ పాత్ర ఇచ్చి చూస్తే అతడు పెద్దవాడయ్యాడో లేదో వెంటనే తేలిపోతుంది.

కత్తిసాములో మరొక చిక్కు వుండేది. కొయ్యకత్తితో నిజంగా కొడితే జతగాని ఎముక విరుగుతుంది, కొట్టకుండా ఆపితే కొట్టడం రాదు. 18వ శతాబ్ది తొలి భాగంలో ముఖానికీ ముంజేతులకూ కవచాలు తొడిగి, వెదురుబద్దలతో కట్టిన ‘షినాయ్’ అనే కత్తితో అభ్యసించే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. నేటి కెండో క్రీడ దానినుండి పెరిగినదే. జతగాని ఒంటిమీది దయ ఒక క్రొత్త పరికరాన్నే పుట్టించింది.

గోళ్ళు తీసుకోనివారిని గురించీ, ఉతకని దుస్తులతో వచ్చేవారిని గురించీ ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక కత్తెర, ఒక సబ్బుబిళ్ళ ఆ చిక్కు తీరుస్తాయి. ఉపన్యాసకులు మాత్రం అంత సులభంగా లొంగరు. నిన్న నేర్చుకున్న పట్టును నేడు తనకంటే రెండు రోజులు వెనుక చేరినవానికి బోధిస్తూ, ఇరవైసార్లు అభ్యసించవలసిన వేళలో ఇరవై వాక్యాలు చెప్పి ముగించేవారు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురుంటారు. మాటలే జీవనోపాధి అయిన నేను ఈ వర్గాన్ని నిందించడం బాగుండదు.

తేలికగా తీసుకోరాని రకం ఒకటున్నది. పట్టు వదలనివాడు. జూడోలో మెడను అదిమే పట్లు, మోచేతిని వెనుకకు విరిచే పట్లు వున్నాయి. భరించలేనివాడు ఎదుటివాని ఒంటినిగాని చాపనుగాని రెండుసార్లు చరచాలి, లేదా ‘మాఇత్తా’, ఓడాను, అనాలి. ఆ క్షణంలో పట్టు వదలిపోవాలి. మెడకు ఇరుపక్కలా వున్న రక్తనాళాలు సరిగా అదుముడు పడితే పది సెకండ్ల ప్రాంతంలో స్పృహ తప్పుతుంది. మోచేతికి అంత వ్యవధి కూడా వుండదు. మరి కొంచెం బిగించి చూద్దామనే జతగానితో అభ్యాసం నిరాకరించే హక్కు ప్రతివారికీ వున్నది, ఆ హక్కును వాడుకోవడం పిరికితనం కాదు. రెండుసార్లు చరచడం ఓటమి అనుకుని పళ్ళు బిగించి ఊరుకునేవాడు కూడా తప్పుచేస్తున్నాడు. తన అరువును తానే పాడుచేసుకుంటున్నాడు.

ఇది మాటవరుసకు చెప్పే ప్రమాదం కాదు. జూడో పుట్టిన జపాన్‌లోనే, 1983 మొదలు సుమారు మూడు దశాబ్దాలలో పాఠశాలల జూడో అభ్యాసాలలో నూరుమందికి పైగా పిల్లలు మరణించినట్లు ఒక సామాజికశాస్త్ర పరిశోధకుడు లెక్కలు తీసి బయటపెట్టాడు. ఆ మృతులలో కొత్తగా చేరిన మొదటి సంవత్సరం విద్యార్థులు ఎక్కువ. తలకు దెబ్బ తగిలి లోపల రక్తం స్రవించడం ప్రధానకారణం. కాలు వెనుకనుంచి ఊడ్చి వెల్లకిల పడవేసే ‘ఓసోతో-గారి’ పట్టు ఆ ప్రమాదాలలో తరచు కనిపించింది. పడడం ఇంకా రానివానిని పడవేయడం వచ్చినవాడు పడవేయడమే చాలాచోట్ల జరిగింది. 2012లో అక్కడి మాధ్యమిక పాఠశాలలలో యుద్ధవిద్యలు నిర్బంధ పాఠ్యాంశమైనప్పుడు తల్లిదండ్రులలో ఆందోళన రేగడానికి ఇదే హేతువు. కొత్తవారికి ఆ పట్టు వెంటనే వేయరాదనీ, తలకు దెబ్బ తగిలితే అభ్యాసం ఆపివేయాలనీ నియమాలు గట్టిపడ్డాయి. 2022లో అఖిల జపాన్ జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయపోటీలనే రద్దుచేసింది. గెలుపే పరమార్థమనే ధోరణి పిల్లలలోనూ పెద్దలలోనూ మితిమీరుతున్నదని అందుకు కారణం చెప్పింది.

కానో కోరిన దారి అది కాదు. 1922 నాటికి ఆయన తన విద్యాసారాన్ని రెండు సూత్రాలుగా ప్రకటించాడు. శక్తిని ఉత్తమంగా వినియోగించడం ఒకటి. రెండవది ‘జితా క్యోఎయి’, తానూ ఇతరులూ కలిసి వర్ధిల్లడం. ఆ రెండవ సూత్రం ఏదో నీతిగ్రంథంనుండి తెచ్చి అతికించినది కాదని చాపమీద నాలుగు నెలలు దొర్లినవానికి తెలుస్తుంది. జతగాని భుజం విరిగితే మరునాడు అభ్యాసానికి జతగాడు వుండడు. అంత సూటిగా వుంటుంది ఆ లెక్క.

కానో గురువులలో కితో సంప్రదాయానికి చెందిన ఈకుబో త్సునెతోషి అనే ఆయన వుండేవాడు. యాభై దాటినా శిష్యుడైన కానోను అలవోకగా పడవేసేవాడు. కొన్నేళ్ళ తరువాత ఒకనాడు అభ్యాసంలో గురువు వేసిన పట్టు ఒక్కటీ కానో మీద పారలేదు. పైగా కానోయే గురువును మాటిమాటికీ పడవేశాడు. ఈకుబో ఆశ్చర్యపడి కారణం అడిగాడు. ఎదుటివాని తూకం తప్పించిన తరువాతనే పట్టు వేయాలన్న తన పరిశోధనను కానో విన్నవించాడు. గురువు అది నిజమని అంగీకరించి, ఇక నీకు నేను నేర్పవలసినది లేదని, చిన్నవారితో నీ సాధన కొనసాగించుమని చెప్పాడు. కానో గొప్పతనానికి ఉదాహరణగా ఈ కథ చెబుతూ వుంటారు. నాకు మాత్రం ఇందులో ఈకుబోయే ఎక్కువ కనబడతాడు. పడినందుకు కోపగించక, తనను ఎలా పడవేశాడో శిష్యుని అడిగి తెలుసుకున్నాడు.

జూడో మనదేశానికి రావడంలో విశ్వకవి రవీంద్రుని ఆసక్తి కూడా వున్నది. 1929లో ఆయన పిలుపున తాకాగాకి షిన్జో అనే జూడో ఆచార్యుడు శాంతినికేతనానికి వచ్చి అక్కడి విద్యార్థులకు, విద్యార్థినులకు కూడా, పాఠాలు చెప్పాడు. కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం నేర్పే ఆశ్రమంలో ఒకరినొకరు పడవేసుకునే విద్యకు చోటేమిటని ఆనాడు కొందరికి తోచివుండవచ్చు. ఏకాంతంగా నేర్చుకునే విద్యలనేకం వున్నచోట, మరొకరు లేనిదే నేర్చుకోలేని విద్య ఒకటి వుండడం మంచిదేనని నాకనిపిస్తుంది.

మూడు నెలల తరువాత ఆ అబ్బాయి తిరిగి తరగతికి వచ్చాడు. మొదటివారం వాళ్ళ ఈడువారితో నెమ్మదిగా అభ్యసించాడు. రెండవవారం గురువు జతలను పిలుస్తూ నా పేరు పిలిచి, వెంటనే అతని పేరు పిలిచారు. చాపమీద ఎదురెదురుగా నిలబడి వంగి నమస్కరించుకున్నాము. అతడు నా కాలరు పట్టుకుని, పట్టు వేయకుండా ఒక్క క్షణం ఆగాడు. ‘సార్, నడుము బిగించకండి’ అన్నాడు. గొంతు కొంచెం వణికింది. ‘బిగిస్తే మళ్ళీ చెప్పు నాయనా’ అన్నాను.

ఆ సాయంకాలం నన్ను పదిహేనుసార్లు పడవేశాడు. ఆరవసారో ఏడవసారో నడుము కొంచెం బిగిసింది కాబోలు, ‘సార్’ అన్నాడు. వదిలాను. పదహారవసారికి నా వంతు వచ్చింది. అతని కుడి భుజం వైపు పడకుండా ఎడమ పక్కకు పడవేయవచ్చునా అని నేను గురువుగారిని అడుగుతూ వుండగానే, అతడు నవ్వి, నా చేతిని తీసి తన కాలరుమీద పెట్టుకున్నాడు.